గాలి తగలని బురద

సముద్రం అడుగు నుంచి బురద తెచ్చిన రోజున బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. ఎంత రద్దీ అయినా అంతే. ఎక్కినవాళ్ళు ఖాళీ సీటు చూసి ఆత్రంగా వస్తారు, రెండడుగుల దూరంలో ఆగిపోతారు, ఏదో మరిచిపోయిన పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. సబ్బు అరిగేలా కడుక్కున్నా గోళ్ళ కింద, జడ పాయల్లో దాక్కుని ఇంటిదాకా వస్తుంది. ఆమె మాత్రం కిటికీ పక్కన దర్జాగా కూర్చుని, ఆ ఖాళీ సీట్లో తన సంచీని కూర్చోబెడుతుంది.

"మహారాణికి కూడా ఇంత చోటివ్వరు," అంటుంది ఇంటికి రాగానే.

"మహారాణిగారు ముందు స్నానం కానివ్వండి, రాజ్యం ఎక్కడికీ పోదు," అంటుంది తమ్ముడి భార్య, గుమ్మం దగ్గరే తువ్వాలు అందిస్తూ.

ఊళ్ళో అందరికీ ఆమె బురదక్క. వెక్కిరింపుగా పుట్టిన పేరే అది. నలుగురి నోళ్ళలో నాని నాని ముల్లు మెత్తబడింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమే ఒక క్షణం ఆగి, ఎవరినా అని చూస్తుంది.

ఒడ్డున ఉన్న సముద్ర పరిశోధనశాలలో ఆమెది బురద తీసే పని. పారతో తోడితే వచ్చే బురద అక్కడ పనికిరాదు. అడుగున ఎలా ఉందో అలాగే రావాలి. అద్దంలాంటి గొట్టాన్ని ఇనుప చట్రానికి బిగించి, తాడుతో నీళ్ళలోకి దించుతుంది. తాడు అరచేతుల్లోంచి జారుతూ ఉంటే కళ్ళు మూసుకుంటుంది. అడుగు తగిలే ముందు తాడు బరువు కొంచెం మారుతుంది. నిద్రపోతున్న బిడ్డ తల దిండుకు ఆనినంత మార్పు. అక్కడ ఆగాలి. ఊపిరి బిగబట్టి, గొట్టాన్ని దాని బరువుకే దిగనివ్వాలి. మళ్ళీ పైకి లాగినప్పుడు గొట్టంలో సముద్రం అడుగు నిలువుగా నిలబడి ఉంటుంది. పైన జానెడు నీళ్ళు, వాటి కింద పల్చని గోధుమరంగు పొర, దాని కింద బూడిదరంగు, ఆ కింద నలుపు. నీళ్ళు కలకబారకూడదు, పొర చెదరకూడదు. చెదిరిందంటే బోటు నడిపే బాబాయి కూడా మాట్లాడడు, తల అటు తిప్పుకుని ఇంజను తుడుస్తాడు.

ఆ నేర్పు ఆమెకు సముద్రం నేర్పింది కాదు. నాన్న పంక్చర్ల కొట్టు నేర్పింది.

రోడ్డు మలుపులో రేకుల కొట్టు. ముందు పాత టైర్ల గుట్ట, లోపల గాలి పంపు, నేలలో సగం పాతిన నీళ్ళ తొట్టి. తమ్ముడు పంపు కొట్టేవాడు, ఆమె ట్యూబును తొట్టిలో ముంచి వేళ్ళతో నొక్కుతూ తిప్పేది. ఎక్కడో ఒకచోట నీళ్ళలోంచి ముత్యమంత బుడగ లేచేది. కొట్టుకొచ్చినవాళ్ళు తలో మాట అనేవారు. వాల్వు పోయిందని ఒకరు, మేకు గుచ్చుకుందని ఒకరు, పక్కింటివాడే గాలి తీసేశాడని ఇంకొకరు. నాన్న ఎవరితోనూ వాదించేవాడు కాదు.

"ముంచి చూడండి. బుడగ అబద్ధమాడదు," అనేవాడు.

ఆ ఇంట్లో అదొక్కటే ఆస్తిగా మిగిలింది. పెరుగు తిన్నది ఎవరు అన్న తగవొచ్చినా, పరీక్షలో మార్కులు ఎందుకు తగ్గాయన్న రభస వచ్చినా, అక్కా తమ్ముళ్ళలో ఎవరో ఒకరు "ముంచి చూద్దామా?" అనేవారు. రెండోవారు నవ్వేసేవారు. తగవు అక్కడితో ఆగేది.

నాన్న పోయాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టూ పోయింది. పరిశోధనశాల బోటుకు అంచుల్లో వేలాడదీసే పాత టైర్లు ఆ కొట్టు నుంచే వెళ్ళేవి. చివరి టైర్లు అప్పగించడానికి ఆమె వెళ్ళిన రోజున, అక్కడి పెద్ద మేడమ్ ఒక పెద్ద ప్లాస్టిక్ సంచీ ముందు తల పట్టుకుని కూర్చుని ఉంది. సంచీకి లోపలివైపు చేతి తొడుగులు అతికించి ఉన్నాయి. ఎక్కడో గాలి దూరుతోంది, ఎక్కడో తెలియడం లేదు.

"దీనికి ప్యాచీ వేయగలవా?"

"ముంచి చూస్తే గాని చెప్పలేనండి."

సాయంత్రానికి ప్యాచీ పడింది. మర్నాటి నుంచి ఆమె అక్కడే ఉంది.

ఆ సంచీ దేనికో మేడమ్ ఆ మొదటి వారంలోనే చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె పిడికిలి బిగించి చూపించింది. సముద్రం అడుగు బురదలో తుప్పు ఉంటుంది, మామూలు ఇనుప తుప్పే. ఊళ్ళోంచి, పొలాల్లోంచి కొట్టుకొచ్చిన భాస్వరాన్ని ఆ తుప్పు తన పిడికిట్లో పట్టుకుని ఉంచుతుంది. అడుగు నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నంతకాలం పిడికిలి బిగిసే ఉంటుంది. వేసవిలో పైనీళ్ళు వేడెక్కి, కిందటి చల్లనీళ్ళ మీద మూతలా పడుకుంటాయి. గాలి కిందికి దిగదు. చచ్చిన పాచి అడుక్కు రాలి కుళ్ళుతూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తుంది. అప్పుడు తుప్పు కరుగుతుంది, పిడికిలి సడలుతుంది. ఏళ్ళ తరబడి దాచిన భాస్వరం నీళ్ళలోకి లేస్తుంది. దాన్ని తిని పాచి ఇంకా పెరుగుతుంది, ఇంకా చస్తుంది, ఇంకా రాలుతుంది.

"అంటే సముద్రం తన కడుపు తానే చెడగొట్టుకుంటుందన్నమాట," అంది ఆమె.

"తినిపించింది మనమే కదా," అంది మేడమ్.

అందుకే ఆ బురదకు బయటి గాలి తగలనివ్వకూడదు. నత్రజని నింపిన సంచీలో, తొడుగుల్లో చేతులు పెట్టి, కేకు కోసినట్టు పొర పొరగా కోయాలి. గాలి తగిలిందా, కరిగిన ఇనుము క్షణాల్లో మళ్ళీ తుప్పయి పిడికిలి బిగించేస్తుంది. భాస్వరం ఉండి కూడా లేనట్టు కనిపిస్తుంది. ఈ సంగతి ఆమెకు తన ఇంటి దారి తెలిసినంత బాగా తెలుసు. ఆ తర్వాత జరిగినది వింటున్నప్పుడు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

తమ్ముడు ఊరి మురుగునీళ్ళు శుభ్రం చేసే కేంద్రంలో చేరాడు. పెద్ద పెద్ద ట్యాంకులు. జనం అతన్నీ ట్యాంకు అనే పిలుస్తారు. అక్కడా అదే కిటుకు. నీళ్ళలోకి ఇనుప ద్రావణం వదిలితే అది భాస్వరాన్ని పట్టుకుని అడుక్కు దిగుతుంది, పైన తేటనీళ్ళు కాలవలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి పోతాయి. ఆ నీళ్ళు గాజుగ్లాసులో పట్టి వెలుగుకు ఎత్తి చూపించడం అతనికి మహా సరదా. చుట్టం వచ్చినా, తపాలా మనిషి వచ్చినా చూపించేవాడు.

"పెళ్ళికి ముందు నాతో మాట్లాడిన మొదటి మాట ఈ నీళ్ళ గురించే వదినా," అంటుంది అతని భార్య. "అప్పుడే అనుకున్నా, ఆ ట్యాంకు నాకు సవతని."

అక్క పై గదిలో, తమ్ముడి సంసారం కింద. ఒకరు నీళ్ళ పైన కాపలా, ఒకరు నీళ్ళ అడుగున. తమ పనులు ఒకే తుప్పు చుట్టూ తిరుగుతున్నాయని ఇద్దరికీ లోలోపల గర్వం. పైకి మాత్రం ఒకరినొకరు మురుగు, బురద అని తిట్టుకుంటారు.

కానీ ట్యాంకులు వచ్చి ఇన్నేళ్ళయినా వేసవి చివర్లో తీరం పచ్చబడుతూనే ఉంది. నీళ్ళ మీద రంగు ఒలికినట్టు పాచి. చేపలు తెల్ల పొట్టలు పైకి పెట్టి తేలేవి. తాళ్ళకు వేలాడదీసి పెంచే ఆల్చిప్పలు నోళ్ళు తెరుచుకుని చచ్చేవి. ఆ ఏడు అన్నింటికన్నా ఎక్కువ నష్టపోయింది ఆల్చిప్పల పెద్దాయన. తాతల నాటి నుంచి ఆ తీరంలో తాళ్ళు కట్టిన కుటుంబం. ఆయన గొంతు గాలికి ఎదురుగా కూడా వినిపిస్తుంది.

"ట్యాంకులో ఏం చేస్తున్నార్రా? చూసేవాడు లేనప్పుడు గేటు ఎత్తేసి మురుగంతా వదులుతున్నారు. పగలు గ్లాసులో పట్టి చూపించేదేమో మంచినీళ్ళు," అన్నాడు బజారులో.

ఆ మాట ఊరంతా పాకింది. వేసవి ముగిసేలోగా మునిసిపల్ సభ పెడతామన్నారు. నేరం రుజువైతే తమ్ముణ్ణి తీసేస్తారు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. సముద్రాన్ని చంపినవాడన్న పేరు మాత్రం పిల్లల వెంట బడిదాకా నడిచి వెళుతుంది. ఆ భయం ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, కానీ తమ్ముడు గ్లాసు చూపించడం మానేశాడు.

పాచికి తిండి ట్యాంకు నుంచి వస్తోందా, అడుగు బురద నుంచి వస్తోందా తేల్చమని సభవాళ్ళు పరిశోధనశాలను అడిగారు. మేడమ్ బురదక్కను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఈసారి నువ్వు తప్పుకుంటావా?"

"తప్పుకుంటే గొట్టం ఎవరు దించుతారు?"

"ఎవరో ఒకరు దించుతారు, కలిపేస్తారు. అదే నా బాధ."

"ఒక సాక్షిని పెట్టండి మేడమ్. మమ్మల్ని అందరికన్నా ఎక్కువ తిట్టేవాళ్ళనే పెట్టండి."

అలా ఆల్చిప్పల పెద్దాయన బోటెక్కాడు. ఎక్కుతూనే ముక్కు చిట్లించాడు. "ఆ తమ్ముడి అక్క బురద తీస్తుంది, ఆ అక్క బురదను తమ్ముడి కోసం చూస్తారు. వడ్డించేది మనవాళ్ళయితే కడబంతిలో కూర్చున్నా ఒకటేలే," అన్నాడు బోటు బాబాయితో, ఆమెకు వినపడేలా.

ఆమె తాడు సర్దుకుంది. తీరానికి దూరంగా, ట్యాంకు కాలవ పోటు కూడా చేరని లోతు గుంట దగ్గర గొట్టం దించింది. అంత బాగా ఎప్పుడూ రాలేదు. నీళ్ళు తేటగా, పొర చెక్కుచెదరకుండా. బాబాయి ఇంజను ఆపి మరీ చూశాడు.

పెద్దాయన గొట్టం చుట్టూ తిరిగాడు. "పైన రబ్బరు మూత ఎందుకు?"

"గాలి తగలకుండా."

"లోపలేముందో నాకెలా తెలుస్తుంది? మూత తియ్యి."

"అద్దంలోంచి కనబడుతుంది కదండీ."

"దాచేదేం లేకపోతే తియ్యడానికేం?" ఆయన బాబాయి వైపు తిరిగి నవ్వాడు. "చూశావా, భుజాలు తడుముకుంటోంది."

ఆమె ముఖం వేడెక్కింది. అంత బాగా వచ్చిన గొట్టం ముందు దొంగలా నిలబడటం ఆమెకు చేతకాలేదు. మూత లాగేసింది. పెద్దాయన వంగి వాసన చూశాడు, పుల్లతో కెలికాడు, వేలితో తాకాడు. ఎండలో గొట్టం అలాగే నిలబడింది. "చూడండి, బాగా చూడండి," అంటూ పక్కన నిలబడి ఉంది ఆమె, తల ఎత్తుకుని. ఆయన చూసి చూసి తృప్తి పడ్డాక గాని మూత పెట్టలేదు.

పరిశోధనశాలలో పొరల్లోని నీళ్ళు పిండి, కాగితంలో వడబోసి, సీసాలో మందు చుక్కలు వేశారు. భాస్వరం ఉంటే నీళ్ళు నీలమవుతాయి. ఎంతుంటే అంత నీలం. ఆ రోజు సీసాలో నీలం ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా ఉంది. ఉందా లేదా అన్నంత.

మేడమ్ సీసాను కిటికీ వెలుగులో చాలాసేపు పట్టుకుంది. "బురద ఏమీ వదలడం లేదన్నట్టుంది," అంది నెమ్మదిగా.

"నే చెప్పలా?" అన్నాడు పెద్దాయన. ఆయన ఇల్లు చేరేలోగా ఆ మాట బజారు చేరింది.

సాయంత్రం భోజనాల దగ్గర తమ్ముడు అన్నం కలుపుతూనే ఉన్నాడు. నోట్లో పెట్టుకోలేదు.

"ఆ గేటు నేనెప్పుడూ ఎత్తలేదక్కా."

"తెలుసురా."

"తెలిస్తే మరి ఆ సీసా ఏంటి?"

"నిన్ను నమ్ముతా. ఆ నీలాన్ని కూడా నమ్మాలి కదా నేను. అది నా పని."

మరదలు గరిటె కింద పెట్టేసింది. కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు వినబడింది. తమ్ముడు కంచం వైపు చూస్తూ, చిన్నప్పటి గొంతుతో అడిగాడు.

"ముంచి చూశావా అక్కా?"

ఈసారి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. ఆమె చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళింది. ముంచి చూడడానికేముంది? సంచీ బాగుంది, ప్యాచీలు బాగున్నాయి, గొట్టం ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందో గుర్తు చేసుకుంటూ పడుకుంది. తేటనీళ్ళు, చెదరని పొర, దాని మీద ఎండ.

ఎండ, అనుకుంది. అక్కడ ఆమె కళ్ళు తెరుచుకున్నాయి.

పొద్దున్నే తలుపులు తీసే మనిషికంటే ముందే పరిశోధనశాల మెట్ల మీద కూర్చుంది. లోపలికి వెళ్ళి నిన్న వాడిన వడపోత కాగితాలున్న పళ్ళెం లాగింది. ఎప్పుడూ అవి బూడిదరంగులో ఉంటాయి. ఈ రోజు వాటి మధ్యలో గుండ్రంగా, పాత మేకు పడుకుని లేచి వెళ్ళినట్టు, నారింజరంగు మరక.

తుప్పు. కరిగి ఉండాల్సిన ఇనుము గాలి తాగి మళ్ళీ పిడికిలి బిగించింది. భాస్వరమంతా ఆ పిడికిట్లో కాగితం మీదే ఉండిపోయింది. సీసాలోకి దిగింది ఖాళీ నీళ్ళు. రంధ్రం సంచీకి లేదు. మూతకు లేదు. ఆమె చేతులారా తీసిన మూత అది. ఇన్నేళ్ళలో ఒక్క బుడగ కూడా దూరనివ్వని మనిషి, రోషానికి పోయి తలుపులు బార్లా తెరిచింది.

మేడమ్ వచ్చేసరికి కాగితం బల్ల మీద పెట్టి నిలబడి ఉంది. మేడమ్ దాన్ని చూసింది, ఆమెను చూసింది, కుర్చీలో కూలబడింది.

"నేనూ చూసుకోవాల్సింది. సీసా పట్టుకుని కూర్చున్నా గాని పళ్ళెం వైపు తిరగలేదు," అంది. కాగితాన్ని పక్కకు జరిపి, "ఈ మాట ఇప్పుడు బయట చెబితే ఏమంటారో తెలుసుగా?"

"తమ్ముడు ఫెయిలయ్యాడని అక్క పేపరు మళ్ళీ దిద్దుతోందంటారు."

"మరి?"

"అనేవాళ్ళనే మళ్ళీ తీసుకొస్తా."

పెద్దాయన తన షెడ్డులో చచ్చిన ఆల్చిప్పలను తాళ్ళ నుంచి గీకి పడేస్తున్నాడు. కింద గుల్లల గుట్ట. ఆమె చెప్పింది వింటూ కత్తి ఆపలేదు.

"అదీ సంగతి. ఒకసారి పాచిక పారకపోతే ఇంకోసారి వేస్తారు," అన్నాడు.

"తప్పు నాదండి. మీరు తియ్యమన్నారు, నేను తీశాను. గాలి తగిలితే ఏమవుతుందో మీకు తెలీదు. నాకు తెలుసు."

కత్తి ఆగింది. "తెలిసీ ఎందుకు తీశావ్?"

"మీరు దొంగను చూసినట్టు చూశారు. రోషం వచ్చింది."

ఆయన ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. "రోషమా? ఆ జబ్బు మా ఇంట్లోనూ ఉందిలే. మందు లేదు దానికి." మళ్ళీ కత్తి అందుకున్నాడు. "ఈసారి నాకు మాత్రం ఏం తెలుస్తుంది, నువ్వే కనికట్టు చేస్తున్నావో?"

"రెండు గొట్టాలు తీద్దాం, ఒకే గుంటలోంచి. రెండిటికీ మీరే ముడి వెయ్యండి. ఒకటి తెరుద్దాం, ఒకటి తెరవద్దు. మిగతాది మీ కళ్ళకే వదిలేస్తా."

ఆయన ముడులు ఊళ్ళో ప్రసిద్ధం. తుఫానుకు కూడా ఊడవు, ఆయన తప్ప ఎవరూ విప్పలేరు. రెండు గొట్టాలకూ ఆ ముడులే వేశాడు. పరిశోధనశాలలో నత్రజని సంచీని ఉబ్బించి, పెద్ద నీళ్ళ తొట్టిలో ముంచి, ఆయన్నే నొక్కి చూడమంది. ఆయన చొక్కా చేతులు మడిచి, గిన్నె తోముతున్నంత శ్రద్ధగా మూలమూలా నొక్కాడు.

"ఒక్క బుడగ కూడా లేదేంటి?"

"ఉంటే సంతోషించేవారా?"

"నిజం చెప్పాలంటే, కొంచెం."

మేడమ్ దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకుంది.

ఒక గొట్టం ముడి విప్పి బల్ల మీద తెరిచి పెట్టారు. రెండోది సంచీలోకి వెళ్ళింది. బురదక్క తొడుగుల్లోకి చేతులు పెట్టింది. ప్లాస్టిక్ అవతల ఆమె చేతులు నీళ్ళ అడుగున కదులుతున్నట్టున్నాయి, నెమ్మదిగా, తొందర లేకుండా. ఒక పొర, ఇంకో పొర. పెద్దాయన ముక్కు ప్లాస్టిక్‌కు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఊపిరి తగిలిన చోట సంచీ మసకబారితే తనే మోచేత్తో తుడిచాడు. చేతిపని మనిషికి చేతిపని కనబడింది.

వడబోత అయ్యాక రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి బూడిదరంగు. ఒకటి నారింజ. తర్వాత రెండు సీసాల్లో మందు చుక్కలు. తెరిచిన గొట్టం నీళ్ళు వెలిసిన చొక్కాలాగే ఉన్నాయి. తెరవని గొట్టం నీళ్ళలో మొదట ఏమీ లేదు. తర్వాత అడుగున నీలం పుట్టింది, తీగలా లేచింది, చూస్తుండగానే సీసా నిండా చీకటి పడబోయే ఆకాశం అయింది.

పెద్దాయన రెండు సీసాలనూ మార్చి మార్చి చూస్తూ అన్నాడు. "రెండూ ఒకే గుంటవి."

"మీ ముడులే కదండీ."

"ఇదంతా ఎక్కణ్ణుంచొచ్చింది మరి? మీ తమ్ముడి కాలవ అంత దూరం రాదు, నాకు తెలుసు."

"ట్యాంకు రాకముందు కాలవలన్నీ నేరుగా సముద్రంలోకే పోయేవి కదా. సబ్బునురగ, మురుగు, పొలాల ఎరువు. అదంతా అడుక్కు దిగి కూర్చుంది. ఇప్పుడు వేసవి రాగానే లేస్తోంది."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. నీలం సీసాను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆ రోజుల్లో మా ఆల్చిప్పలు అరచేతంత ఉండేవి అమ్మాయ్. కాలవ నోటి దగ్గర తాళ్ళు కట్టేందుకు మాలో మేం కొట్టుకునేవాళ్ళం. అక్కడైతే ఇంకా బలుస్తాయని. సముద్రం మమ్మల్ని చల్లగా చూస్తోందని మా నాన్న అనేవాడు." గడ్డం గోక్కున్నాడు. "చల్లగా చూసింది ఊరి మురుగన్నమాట. తిలాపాపం తలా పిడికెడు. మా పిడికిలి కొంచెం పెద్దది."

సభ రోజున హాలు నిండిపోయింది. తమ్ముడు వెనక వరసలో, భార్య పక్కన, ఇస్త్రీ చొక్కాలో తల దించుకుని కూర్చున్నాడు. ముందు బురదక్క లేచింది. జనం ముందు మాట్లాడటం అలవాటు లేని మనిషి. బల్ల అంచు పట్టుకుంది.

"మొదట మేం చెప్పింది తప్పు. ఆ తప్పు చేసింది నేను," అంది. మూత సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎందుకు తీసిందో కూడా చెప్పింది.

హాల్లో గుసగుసలు లేచాయి. "అక్క కదా మరి," అన్నారెవరో. ఆ గుసగుసల మీదుగా గాలికి ఎదురుగా కూడా వినిపించే ఆ గొంతు లేచింది.

"ఆగండి. మొదటిసారి మూత తియ్యమన్నది నేను. రెండోసారి ముడులు వేసింది నేను. ముంచి చూసింది కూడా నేనే." పెద్దాయన సంచీలోంచి రెండు సీసాలు తీసి ముందు వరసకు అందించాడు. "చేతులు మార్చుకుంటూ చూడండి. మూతలు మాత్రం తియ్యకండి. తీస్తే ఏమవుతుందో ఇప్పుడే ఆవిడ చెప్పింది."

ఎవరో నవ్వారు. సీసాలు చేతులు మారుతూ వరస వెంట వరస వెనక్కి వెళ్ళాయి. మేడమ్ లెక్కలు చెప్పింది. ట్యాంకు నుంచి వచ్చేదెంత, అడుగు నుంచి లేచేదెంత. కొందరు విన్నారు, చాలామంది సీసాలనే చూశారు. నీలం సీసా చివరి వరసకు చేరినప్పుడు తమ్ముడు దాన్ని అలవాటుగా, తనకు తెలియకుండానే, వెలుగుకు ఎత్తి చూశాడు. ఆ ఎత్తిన చేతిని బల్ల దగ్గర నుంచి అక్క చూసింది. వేసవంతా ఆ చెయ్యి అలా లేవలేదు. ఆమె పట్టుకున్న బల్ల అంచును వదిలేసింది.

"అయితే నీళ్ళు ఎప్పటికి బాగుపడతాయి?" అని అధ్యక్షుడు అడిగాడు.

"చాలా ఏళ్ళు పడుతుందండి. కొత్తది చేరకుండా ఉంటే, అడుగుదంతా నెమ్మదిగా సర్దుకుంటుంది. కొత్తది చేరకుండా చూసే పని ట్యాంకుది," అంది ఆమె. కొంచెం ఆగి, "అది బాగానే చూస్తోంది," అని కూర్చుంది.

తమ్ముడి ఉద్యోగం నిలిచింది. మర్నాడు పొద్దున మరదలు తలుపు తీయగానే తపాలా మనిషి, అతని ముందు గ్లాసు పట్టుకుని తమ్ముడు. "సవతి మళ్ళీ ఇంటికొచ్చింది వదినా," అని పై గదికి వినపడేలా కేకేసింది. ఆ గొంతులో ఫిర్యాదు ఏమాత్రం లేదు.

మరుసటి వేసవిలో తీరం మళ్ళీ పచ్చబడింది. పాచి నిరుటికన్నా తగ్గిందని మేడమ్ అంది, తగ్గలేదని బోటు బాబాయి అన్నాడు. బురద తీసిన రోజు, బస్సు కిక్కిరిసి ఉంది. బురదక్క కిటికీ పక్కన, సంచీ పక్క సీట్లో. బస్సు వంతెన ఎక్కగానే ఎవరో పచ్చటి నీళ్ళు చూసి, "ట్యాంకువాళ్ళు మళ్ళీ వదిలేసినట్టున్నారు," అన్నారు.

ఆమె నోరు తెరవబోయింది. వెనక కమ్మీ పట్టుకుని నిలబడిన ఒక గొంతు బస్సు చప్పుడు మీదుగా వచ్చింది.

"ట్యాంకుది కాదమ్మా అది. మనది. మీ నాన్న కాలంది, మా నాన్న కాలంది." పెద్దాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఖాళీ సీటు దగ్గర ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. అందరూ ఆయన వెనక్కి తిరుగుతాడేమోనని చూశారు.

"ఈరోజు గుంట లోతుకి దించావా అమ్మాయ్?"

"దించానండి."

"పొర చెదిరిందా?"

"చెదరలేదు."

"చెదరదులే," అన్నాడాయన, చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా. "జరుగు."

బురదక్క సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.